బ్యాండ్ అండ్ లూప్ స్పేస్ మెయింటైనర్: కొనే ముందు, పెట్టించాక చూసుకోవాల్సినవి

ఒకవైపు ఒకే ఒక్క పాల దవడపన్ను ముందుగా పోయిన పిల్లలకు మేము మొదట సూచించేది బ్యాండ్ అండ్ లూప్, అంటే పోయిన పన్ను చోటును కాపాడే పట్టీ-తీగ పరికరం. ఎలాగూ ఊడే పన్నేగా అని ఆ ఖాళీని వదిలేయడం పెద్ద పొరపాటు. వెనకున్న పళ్లు, ముఖ్యంగా ఆరేళ్ల వయసులో వచ్చే శాశ్వత దవడపన్ను, ముందుకు ఒరుగుతాయి. ఈ జరుగుడు చాలావరకు మొదటి 6 నెలల్లోనే అయిపోతుంది. ఆ చోట రావాల్సిన పన్ను 10-12 ఏళ్లకు బయటికి వస్తుంది. అప్పటికి దారి మూసుకుపోతే వంకరగా మొలుస్తుంది, లేదా ఎముకలోనే ఇరుక్కుంటుంది.

నిర్మాణం చాలా సాదా. ఖాళీకి వెనకున్న పన్ను చుట్టూ ఒక స్టీలు పట్టీ, దానికి టంకం పెట్టిన 0.9 మి.మీ. తీగ. ఆ తీగ (లూప్) ఖాళీ మీదుగా వెళ్లి ముందు పన్నును ఆనుకుంటుంది. పనితనం తెలిసేది ఈ తీగ దగ్గరే. కింది నుంచి వచ్చే పన్ను మధ్యలోంచి పైకి రావాలి కాబట్టి లూప్ వెడల్పు సుమారు 8 మి.మీ. ఉండాలి. చిగురుకు 1 మి.మీ. ఎడం ఉండాలి. చిగురులోకి నొక్కుకుపోతే పుండు పడుతుంది.

మామూలుగా రెండు సిట్టింగుల పని. పళ్లు బాగా బిగుసుకుని ఉంటే పట్టీకి సందు చేయడానికి కొన్ని రోజుల ముందు పళ్ల మధ్య రబ్బరు సెపరేటర్లు పెడతారు. పట్టీ గట్టిగా నొక్కితేనే దిగే సైజులో ఉండాలి. వదులు పట్టీని ఏ సిమెంటూ ఎక్కువ కాలం పట్టి ఉంచదు. పట్టీ పంటిమీద ఉండగానే అచ్చు తీస్తారు, తర్వాత పట్టీని తీసి అచ్చులో సరిగ్గా దాని గాడిలోనే కూర్చోబెట్టి స్టోన్ (గట్టిపడే డెంటల్ ప్లాస్టర్) పోస్తారు. ఆ పోతలో పట్టీ కాస్త కదిలినా తయారైన వస్తువు నోట్లో సరిగ్గా కూర్చోదు. రెండో సిట్టింగులో పన్నును పొడిగా ఉంచి గ్లాస్ అయనోమర్ సిమెంటుతో అతికిస్తారు. ఒకే సిట్టింగులో అయిపోయే రెడీమేడ్ రకాలూ ఉన్నాయి. పిల్లవాడు కుదురుగా కూర్చోకపోతే అవి నయమే, కానీ తీగ పట్టీలోకి దూరే చోటు బిగువుగా ఉందో లేదో చూడాలి.

ఎక్కువగా వచ్చే సమస్య సిమెంటు కరిగిపోవడం. పట్టీ ఊడి చేతికొస్తే తెలుస్తుంది. ఊడకుండా వదులై అక్కడే ఉంటేనే ప్రమాదం: లోపల పాచి చేరి పన్ను పుచ్చుతుంది, బయటికి ఏమీ కనబడదు. అందుకే 3 నుంచి 6 నెలలకోసారి చూపించాలి. ఇంట్లో వేలితో కదిపి చూసినప్పుడు కాస్త కదిలినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. టంకం విరగడం రెండో సమస్య. జిగురు మిఠాయిలు, చూయింగ్ గమ్, ఐసు ముక్కలు కొరకడం మానిపించాలి. స్టీల్లో నికెల్ ఉంటుంది, కాబట్టి దాని అలర్జీ ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇది చోటు మాత్రమే కాపాడుతుంది, నమలడానికి పనికిరాదు. ఎదురు పన్ను ఖాళీలోకి జారడాన్నీ ఆపదు. కింది దవడలో రెండువైపులా పళ్లు పోతే, కింది శాశ్వత ముందుపళ్లు వచ్చాక లింగ్వల్ ఆర్చ్ (రెండువైపుల దవడపళ్లను కలుపుతూ పళ్ల లోపలివైపు వెళ్లే తీగ) మేలు. ఆరేళ్ల దవడపన్ను ఇంకా రాకముందే దాని ముందున్న పాలపన్ను పోతే డిస్టల్ షూ (ముందున్న పన్నుకు పట్టీ వేసి, చిగురులోకి దిగే రేకుతో రాబోయే పన్నుకు దారి చూపే పరికరం) కావాలి, ఎందుకంటే పట్టీ వేయడానికి వెనక పన్నే ఉండదు.

ఎక్స్‌రే తీయకుండా ఒప్పుకోవద్దు. కింద శాశ్వత పన్ను అసలు లేకపోతే ప్రణాళికే మారుతుంది. దాని వేరు మూడింట రెండు వంతులు పెరిగి, పైన ఎముక లేకపోతే పన్ను త్వరలోనే వస్తుంది, చాలాసార్లు ఇది పెట్టించే అవసరమే ఉండదు. పెట్టించాక, లూప్ మధ్య కొత్త పన్ను మొన కనబడితే తీయించే సమయం వచ్చినట్టే.