మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో చుక్క సైజు: ప్లాట్ మేలా, స్కాటర్ మేలా?

మ్యాట్‌ప్లాట్‌లిబ్ అంటే పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ. ప్లాట్, స్కాటర్ అందులోని ఫంక్షన్లు. రెండింటితోనూ చుక్కలు వేయొచ్చు. సైజు లెక్క మాత్రం ఒకటి కాదు.

కొలత: ప్లాట్‌లో మార్కర్‌సైజ్ అంటే చుక్క వెడల్పు, పాయింట్లలో (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు). స్కాటర్‌లో ఎస్ (s) అంటే ఆ వెడల్పు వర్గం. మనం ఏమీ ఇవ్వకపోతే మొదటిది 6, రెండోది 36. చుక్కలు దాదాపు ఒకే సైజులో వస్తాయి. వెడల్పు రెట్టింపు కావాలా? ప్లాట్‌లో 12 చాలు, స్కాటర్‌లో 144 ఇవ్వాలి. 72 ఇచ్చి "ఇంతేనా పెరిగింది?" అని తల పట్టుకునేది ఇక్కడే.

వేగం: చుక్కలు లక్షల్లో ఉంటే ప్లాట్ తేలిక. స్కాటర్ నెమ్మదిస్తుంది.

వెసులుబాటు: ప్లాట్‌లో ఒక గీతలోని చుక్కలన్నిటికీ ఒకటే సైజు. స్కాటర్‌లో ప్రతి చుక్కకీ విడిగా సైజు, రంగు.

రిస్క్: ప్లాట్‌లో పెద్దగా లేదు. స్కాటర్‌లో ఉంది. ఊళ్ల జనాభాని చుక్కలుగా చూపేటప్పుడు ఆ అంకెల్ని తగిన సంఖ్యతో భాగించి ఎస్‌కి ఇవ్వండి, వైశాల్యం సరిగ్గా వస్తుంది. వాటిని మళ్లీ వర్గం చేశారో, పదింతల ఊరు వందింతల చుక్కై కూర్చుంటుంది.

చుక్కలన్నీ ఒకే సైజైతే కళ్లు మూసుకుని ప్లాట్ వాడండి. సైజే ఒక విలువని చెప్పాల్సినప్పుడు స్కాటరే సరైన దారి.