వెబ్ ప్రోగ్రామింగ్ ఇంటర్వ్యూకు ఏది మేలు? ప్రశ్నల జాబితానా, కోడింగ్ లెక్కలా, సొంత ప్రాజెక్టా?

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో బీటెక్, ఎంసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి హైదరాబాద్‌లో వెబ్ డెవలపర్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది. "అన్నా, ఇంటర్వ్యూకు ప్రశ్నలు చదవాల్నా, కోడింగ్ లెక్కలు చేయాల్నా, ప్రాజెక్టు చేయాల్నా?" మూడూ చేయమని చెప్పవచ్చు. కానీ చేతిలో నెలా రెండు నెలలకు మించి వ్యవధి లేనివారికి, హాస్టల్ ఖర్చు ఇంకా ఇంటి నుంచే తెప్పించుకుంటున్నవారికి ఆ సలహా అక్కరకు రాదు. కొత్తవారిని ఇంటర్వ్యూ చేసే పనిలో ఉన్నవాడిగా, ఎదుటి కుర్చీ నుంచి నాకు కనిపించిన తేడాలను ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్నల జాబితాలకు వాటి ఉపయోగం వాటికి ఉంది. వెబ్ పేజీలను నడిపించే జావాస్క్రిప్ట్ భాషలోని క్లోజర్, ప్రామిస్, ఈవెంట్ లూప్ వంటి అంశాలు, బ్రౌజర్‌లో సమాచారం దాచే కుకీకీ లోకల్ స్టోరేజీకీ తేడా, సర్వర్ పంపే 401, 403 ఎర్రర్ కోడ్ల మధ్య తేడా వంటివి ఇంటర్వ్యూల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. వాటిని ఒక్కచోట చూసుకుంటే తనకు ఏది తెలుసో, ఏది తెలియదో తేలిపోతుంది. అయితే జాబితా మొదటి ప్రశ్న వరకే తోడు వస్తుంది. మూడుసార్లు తిరిగే ఫర్ లూప్‌లో 'వార్' (var) అన్న మాటతో వేరియబుల్ పెట్టి, కోడ్‌ను కాసేపాగి నడిపించే సెట్‌టైమవుట్ లోపల దాన్ని ప్రింట్ చేస్తే ఏమొస్తుందని అడిగితే, 3, 3, 3 అని దాదాపు అందరూ ఠక్కున చెబుతారు. 'వార్' బదులు 'లెట్' (let) పెడితే 0, 1, 2 వస్తాయని కూడా చెబుతారు. 'లెట్' జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి వచ్చింది 2015లో కదా, అంతకుముందు ఇదే ఫలితాన్ని ఎలా రాబట్టేవారని అడిగేసరికి చాలామంది ఆగిపోతారు. 'వార్' వేరియబుల్ లూప్ మొత్తానికి ఒక్కటే ఉంటుందనీ, టైమర్ ఫంక్షన్లు నడిచే వేళకు లూప్ ముగిసి దాని విలువ 3కు చేరి ఉంటుందనీ అర్థం చేసుకున్నవారికి, ప్రతి తిరుగుడులోనూ ఒక ఫంక్షన్‌ను పిలిచి ఆ విలువను దానికి అందించాలన్న ఆలోచన కాసేపట్లోనే తడుతుంది. బట్టీ పట్టినవారికి తట్టదు.

ఈ రెండో ప్రశ్న దగ్గరే ఇంటర్వ్యూ ఫలితం తేలుతుందని నేను గట్టిగా నమ్ముతాను. "ఎందుకు అలా చేశావు, ఇలా అయితే ఏం చేస్తావు" అన్నప్పుడు నిలబడి మాట్లాడగలగడానికి ఏ సన్నద్ధత ఎక్కువగా పనికొస్తుందో చూసుకుని, మిగతావాటికి ఆ తరువాతే సమయం ఇవ్వాలి.

కోడింగ్ లెక్కల సాధన ఈ విషయంలో జాబితాకన్నా మెరుగు. ఒక అర్రేలో ఏ రెండు సంఖ్యలు కలిపితే ఫలానా మొత్తం వస్తుందో కనుక్కోమనే లెక్కనే తీసుకుందాం. లూప్‌లో లూప్ పెడితే 10,000 సంఖ్యలకు దాదాపు 5 కోట్ల జతలను పోల్చవలసి రావచ్చు. చూసిన సంఖ్యలను, వెతికిన వెంటనే దొరికేలా దాచే మ్యాప్‌లో పెట్టుకుంటూ పోతే అర్రే మీద ఒక్కసారి నడిస్తే చాలు. ఈ తేడాను చెప్పగలిగినవారికి ఆలోచించడం వచ్చని తెలుస్తుంది. పైగా చాలా పెద్ద కంపెనీల్లో తొలి వడపోత ఆన్‌లైన్ పరీక్షే కాబట్టి, ఈ సాధన లేకపోతే మనిషితో మాట్లాడే దశ దాకా చేరడమే కష్టం. కానీ వెబ్ ఉద్యోగానికి అర్రే, స్ట్రింగ్, మ్యాప్, స్టాక్, సార్టింగ్ వరకు పట్టు ఉంటే చాలు. డైనమిక్ ప్రోగ్రామింగ్ అనే కష్టమైన రకం లెక్కలతో నెలంతా గడిపి, బ్రౌజర్ నుంచి సర్వర్‌కు రిక్వెస్ట్ ఎలా వెళుతుందో చెప్పలేకపోయినవారిని చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది.

సొంత ప్రాజెక్టు వైపు నేను మొగ్గడానికి ఒక ఉదాహరణ చెబుతాను. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, రైస్ మిల్లుకు వచ్చే వడ్ల లోడ్లను నమోదు చేసే చిన్న వెబ్ అప్లికేషన్ చేసింది. లారీ నంబరు, బస్తాల సంఖ్య, తూకం, తేమ శాతం నింపాలి. తేమ 17 శాతం దాటితే ఆ వరుస ఎర్రగా కనిపిస్తుంది. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు గుమస్తా సేవ్ బటన్‌ను రెండుసార్లు నొక్కడంతో ఒకే లోడు రెండుసార్లు నమోదైందని, అందుకే మొదటి నొక్కుతోనే బటన్ పనిచేయకుండా చేశానని చెప్పింది. రిక్వెస్ట్ సర్వర్‌కు చేరి, జవాబు మాత్రం తిరిగి రాక, అతను పేజీని రిఫ్రెష్ చేసి మళ్లీ నింపితే ఏమవుతుందని అడిగాను. కొంచెం ఆలోచించి, కాంటా చీటీ నంబరుకు డేటాబేస్‌లోనే యూనిక్ నిబంధన, అంటే ఒకే నంబరు రెండోసారి ఎక్కకుండా ఆపేది, పెడతానంది. వెంటనే తానే సర్దుకుని, కొత్త చీటీల పుస్తకం తెరిస్తే నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలవుతాయి కాబట్టి తేదీని కూడా కలిపి పెట్టాలంది. ఏ జాబితాలోనూ దొరకని జవాబు అది.

వీడియో చూస్తూ దించిన షాపింగ్ సైట్‌కు ఈ బలం ఉండదు. అందులోని నిర్ణయాలన్నీ వేరొకరివి కాబట్టి "ఎందుకు" అన్న ప్రశ్నకు చెప్పడానికేమీ మిగలదు. ఊళ్లో కిరాణా కొట్టు ఉద్దెర ఖాతా, నల్లగొండ బత్తాయి వ్యాపారి కమీషన్ లెక్క, నారాయణపేట చీరల దుకాణంలో సరుకు నిల్వ వంటి చిన్న పని తీసుకుని, నిజంగా ఒక్క మనిషి చేత వాడించి చూడండి. లాగిన్, ఎర్రర్లు, డూప్లికేట్లు, పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేసి (తిరిగి చదవలేని రూపంలోకి మార్చి) దాచడం అన్నీ వాటంతటవే ఎదురవుతాయి. దీనికి వారాలు పడతాయన్నది నిజమే, దీనితో ఆన్‌లైన్ పరీక్ష గట్టెక్కలేమన్నదీ నిజమే.

అమీర్‌పేట కోచింగ్ పునాది లేనివారికి పనికొస్తుంది. పునాది ఉన్నవారు ఆ డబ్బు దాచుకోవచ్చు. సర్టిఫికెట్లను నేను పెద్దగా పట్టించుకోను.

తెలుగు మీడియంలో చదివినవారు తమ ప్రాజెక్టును ముందుగా స్నేహితుడికి తెలుగులోనే బిగ్గరగా వివరించి, అతను అడ్డుతగిలి వేసే ప్రశ్నలకు జవాబులు చెప్పి, ఆ తరువాత అదే విషయాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పడం సాధన చేయాలి. విషయం స్పష్టంగా ఉన్నప్పుడు వ్యాకరణం తప్పినా ఇంటర్వ్యూ చేసేవారికి అర్థమవుతుంది.

ముందు ప్రాజెక్టు, తరువాత కోడింగ్ లెక్కలు, చివర జాబితా అన్న నా క్రమం ఒక్క సందర్భంలో మారుతుంది. రెండు వారాల్లో క్యాంపస్ ఆన్‌లైన్ పరీక్ష తేదీ ఖరారై ఉంటే ప్రాజెక్టును పక్కనపెట్టి రోజూ కోడింగ్ లెక్కలు చేయండి, పరీక్ష ముగిసిన మరుసటి రోజే ప్రాజెక్టు తిరిగి తెరవండి. ప్రశ్నల జాబితాను ఇంటర్వ్యూకు ముందు రెండు మూడు రోజుల్లో చూసుకుంటే సరిపోతుంది.