కడియపులంకలో ఆకు చూపించి మొక్క అమ్మే నర్సరీ

మేడ మీద పూల పొదలు పెంచాలనుకునే వాళ్లు ఒకసారి వెళ్లాల్సిన నర్సరీ ఇది. హైవే పక్కన కనిపించదు, కాస్త లోపలికి వెళ్లాలి. ఏ రంగు పువ్వు కావాలి అని అడగరు. ఎండ ఎంతసేపు పడుతుంది, ఏ వైపు నుంచి, రోజూ నీళ్లు పోయగలరా అని అడిగి, అప్పుడు ఆకు తుంపి చేతిలో పెడతారు. నాకు బాగా నచ్చింది ఇదే.

మాది పడమటెండ నేరుగా కొట్టే మేడ అనగానే గన్నేరు తీసుకోమన్నారు. దాని ఆకు నిజంగా గొప్పది. పైన మైనపు పూతతో తోలులా మందంగా ఉంటుంది, పత్రరంధ్రాలేమో, అంటే ఆకులోని తేమ బయటికి పోయే సన్నటి రంధ్రాలు, అడుగువైపు చిన్న చిన్న గుంటల్లో ఉంటాయి, ఆ గుంటల్లో నూగు కూడా ఉండటంతో వడగాలి వాటికి నేరుగా తగలదు, లోపలి తేమ తొందరగా ఆవిరైపోదు. రోడ్ల డివైడర్ల మీద మే నెలలో కూడా పూస్తూ కనిపించేది అందుకే. మొక్కంతా విషమే, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు అని వాళ్లే ముందు చెప్పారు, ఆ నిజాయితీకి దండం పెట్టాలి.

కనకాంబరం అడిగితే మాత్రం మెట్ల కింద నీడపట్టున పెట్టమన్నారు. ఆకు పలచన, వెడల్పు కూడా, తక్కువ వెలుతురులో బాగానే ఉంటుంది కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే నీరు కోల్పోయి వాలిపోతుంది.

మార్కులు తగ్గించేది ఒక్కచోట. క్రోటన్లు షేడ్‌నెట్ కింద పెంచినవి, అమ్మేటప్పుడు ఆ మాట చెప్పలేదు. నీడలో విచ్చుకున్న ఆకు పెద్దగా, పలచగా తయారవుతుంది, ఒకసారి ఎదిగిపోయాక దాన్ని ఎండలో పెట్టినా మందం కాదు, మచ్చలు పడి మాడి రాలిపోతుంది. ఆ తర్వాత ఎండలోనే పుట్టే చిగుళ్లు చిన్నగా, మందంగా వచ్చి నిలబడతాయి. ఇది తెలియక మొక్క చచ్చిపోయిందనుకుని పీకి పారేస్తే ఎంత బాధ! కవర్ మీద ఒక చీటీ అంటిస్తే సరిపోయేది. మీరు కొంటే మొదట పొద్దుటెండలో మాత్రమే ఉంచి, మెల్లగా అలవాటు చేయండి.

రేట్లు రోడ్డు పక్క వాటికన్నా కొంచెం ఎక్కువే, కానీ వేళ్ల మట్టి ఊడకుండా గోనె చుట్టి ఇస్తారు. కాకినాడ, ఉప్పాడ వైపు వాళ్లయితే ఉప్పుగాలి సంగతి ముందే చెప్పండి, అక్కడికీ గన్నేరు పనికొస్తుంది. ఆదివారం బాగా రద్దీ, మిగతా రోజుల్లో పొద్దున్నే వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు.