గ్రున్వాల్డ్‌లో యుద్ధం ముప్పావు గంట, రూమ్ ఓనర్‌తో యుద్ధం రెండు రోజులు

ముందే చెప్పేస్తున్నా, పోలండ్‌లో గ్రున్వాల్డ్ మైదానంలో ఏటా ఆడి చూపించే పాత యుద్ధానికి వెళ్లి ఇనప కవచం వేసుకుని కొట్టుకోవాలని సరదా ఉన్నవాళ్లు క్యాంపులోనే పడుకోండి, గడ్డి మీద పడుకోండి, వానొస్తే తడవండి, అంతేగానీ చుట్టుపక్కల ఊళ్లలో రూమ్ మాత్రం తీసుకోకండి. రెండు రాత్రులకి 760 జ్లోటీలు, పైన 300 డిపాజిట్, జ్లోటీ అంటే మన ఇరవై పైచిలుకు రూపాయలు, మీరే లెక్కేసుకోండి. ఆ రూమ్ కథ కాసేపాగి చెప్తా, తల్చుకుంటేనే బీపీ లేస్తోంది.

నేను వార్సాలో ఉద్యోగం చేస్తున్నా, నాలుగేళ్లయింది. మాది కారెంపూడి పక్కన చిన్న పల్లె. చిన్నప్పుడు కార్తీకంలో పల్నాటి వీరుల తిరునాళ్లకి నాన్న భుజాలెక్కి కూర్చుని చూసేవాణ్ణి, కొణతాలు, అంటే ఆ వీరుల ఆయుధాలు, పట్టుకుని వీరాచారవంతులు వస్తుంటే ఒళ్లు జలదరించేది. అందుకేనేమో ఇక్కడ ఒక పార్కులో పదిమంది ఇనప టోపీలు పెట్టుకుని దబదబా బాదుకుంటుంటే జనం నవ్వుకుంటూ పోతున్నా నేను మాత్రం గంటసేపు అక్కడే నిలబడిపోయా. వాళ్లే రమ్మన్నారు. ఇలాంటి గుంపుని ఇక్కడ బ్రాట్‌స్త్వో అంటారు, అంటే అన్నదమ్ముల జట్టు లాంటిది. పద్నాలుగు నెలలు ప్రతి మంగళవారం సాయంత్రం వెళ్లి తన్నులు తిన్నాక ఈ జులైలో గ్రున్వాల్డ్‌కి నన్ను కూడా తీసుకెళ్తామన్నారు.

చాలామంది అడుగుతున్నారు నిజంగా కొడతారా ఉత్త నటనేనా అని. రెండూ ఉన్నాయి. బుహుర్ట్ అని ఒకటుంది, అది పక్కా ఆట, అయిదుగురు అయిదుగురు బరిలోకి దిగి పూర్తి బలంతో కొట్టుకుంటారు, పొడవకూడదు, నేలకి మూడో ఆనవు తగిలిందా, అంటే రెండు కాళ్లు కాక చెయ్యో మోకాలో ఆనిందా, ఔట్. మన కుస్తీకి కత్తులు తగిలించినట్టు ఉంటుంది. గ్రున్వాల్డ్‌లో జరిగేది అది కాదు, అది పాత యుద్ధాన్ని మళ్లీ ఆడి చూపించడం. ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టి ఉంది, 1410 జులై 15న పోలండ్ రాజు యగియెవో, ఆయన దాయాది, లిథువేనియా పాలకుడు వితౌతాస్ కలిసి ట్యుటానిక్ నైట్స్ అనే జర్మన్ మఠం సైన్యాన్ని ఓడించారు, వాళ్ల గ్రాండ్ మాస్టర్ ఉల్‌రిక్ ఫన్ యుంగింగెన్ అక్కడే చచ్చిపోయాడు. అప్పటికి మన దగ్గర కొండవీట్లో పెదకోమటి వేమారెడ్డి రాజు, శ్రీనాథుడు విద్యాధికారి. ఈ ముక్క మా కెప్టెన్‌కి చెప్తే మీ దగ్గర కవి ఆఫీసరా అని తెగ ఆశ్చర్యపోయాడు. ఏటా ఆ తేదీకి దగ్గర్లో వచ్చే శనివారం ఈ ఆట. ఆటే అయినా మీద పడే దెబ్బ ఇనప దెబ్బే, కత్తికి పదును ఉండదంతే.

నా సామాను లెక్క జ్లోటీల్లో చెప్తా, అందరూ అదే అడుగుతారు. ముక్కు ముందుకి పొడుచుకొచ్చిన బాసినెట్ అనే టోపీ సెకండ్ హ్యాండ్‌లో 1,400. లోపల వేసుకునే గాంబెసన్, అంటే మన బొంతని చొక్కాగా కుట్టినట్టు ఉంటుంది, 650. గొలుసు చొక్కా 1,100. చేతి తొడుగులు 850, ఇందులో పిసినారితనం చేయకండి, ముందు విరిగేవి వేళ్లే. రొమ్ము పలకలు, మోకాళ్లు, మోచేతులు కలిపి 2,000. కత్తి 500. మొత్తం 6,500. మా ఆవిడకి 3,000 అని చెప్పా, ఇది చదివితే నా పని అయిపోయినట్టే. అన్నీ కలిపి ఇంట్లో కాటా మీద 26 కిలోలు తూగాయి.

శుక్రవారం పొద్దున కారు అద్దెకి తీసుకుని బయల్దేరాం, మూడు రోజులకి 540, పెట్రోల్ వేరే. నేను, మా ఆవిడ, వూజ్ అనే ఊళ్లో ఎమ్మెస్ చేస్తున్న మా బావమరిది చింటు. ఎస్7 రోడ్డు బ్రహ్మాండం, ఒక్క గుంట లేదు, ఆ ప్రయాణం గురించి చెప్పడానికి ఏం లేదు. మా గుంపంతా క్యాంపులోనే ఉంటున్నారు, మనమూ ఉందామంటే మా ఆవిడ బాత్రూమ్ లేకుండా నేను రానంటే రానంది. సరే అని యాప్‌లో వెతికి పాతిక కిలోమీటర్ల దూరంలో సరస్సు పక్కన అని రాసి ఉన్న ఇల్లు బుక్ చేశా. సరస్సు ఉంది, కాదనను, వెనక కిటికీలోంచి మెడ బయటపెట్టి పూర్తిగా ఎడమ వైపు తిప్పితే చెట్ల మధ్యలోంచి కొంచెం మెరుస్తుంది. మూడు మంచాలన్నారు, మూడోది సోఫా, అది తెరిస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరవాలంటే చింటుని లేపాలి. వేడినీళ్లు ఒక్క మనిషికే వస్తాయి. ఓనర్ పెద్దాయన, కారు డిక్కీలో నా గొలుసు చొక్కా సంచి చూసి మొహం మాడ్చుకుని అప్పటికప్పుడు 300 క్యాష్ డిపాజిట్ అన్నాడు, యాప్‌లో ఎక్కడా లేదు ఆ మాట. ఏటీఎంకి ఆరు కిలోమీటర్లు వెళ్లొచ్చి ఇచ్చా. మా ఆవిడ ఏం మాట్లాడలేదు, తన అలవాటు ప్రకారం బాత్రూమ్‌తో సహా అన్నీ ఫోటోలు తీసి వాళ్లమ్మకి పంపింది. ఈ ఫోటోల సంగతి గుర్తుపెట్టుకోండి.

సాయంత్రం క్యాంపులో చెకింగ్. పదిహేనో శతాబ్దానికి పనికిరానిది ఏదీ లోపలికి రాకూడదు. చెక్ చేసే ఆవిడ నా టోపీ నొక్కింది, కత్తి అంచు మీద బొటనవేలు రాసింది, అన్నీ ఓకే అంది, ఆఖర్లో బూటు తిప్పి చూసి కింద రబ్బరు ఉందని పక్కకి నిలబెట్టింది. కళ్లజోడు కూడా వద్దంది, నాకు మైనస్ నాలుగున్నర, అది తీస్తే శత్రువు ఎవడో గుర్రం ఏదో తెలీదు. లెన్సులు తెచ్చుకున్నా కాబట్టి బతికిపోయా, మీరూ తెచ్చుకోండి. బూట్లు అక్కడ సంతలోనే 260 పెట్టి కొన్నా, పల్చటి తోలు, గడ్డి మీద అరటితొక్క తొక్కినట్టు జారుతుంది. కానీ ఆవిడ మీద నాకు కోపం లేదు, నవ్వుతూ చెప్పింది, ఏ కొట్లో బేరం ఆడొచ్చో కూడా చెప్పింది, అసలు ధర 320.

ఇప్పుడు తిండి. క్యాంపు వంటలో టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న నిషిద్ధం, ఎందుకంటే అప్పటికి కొలంబస్ పుట్టనేలేదు. చింటు ఏమో మట్టి జాడీలో ఆవకాయ తెచ్చాడు, జాడీ మట్టిదే కదా బావా అంటాడు. మా గుంపులో బట్టలు కుట్టే పెద్దావిడ మూత తీసి వాసన చూసి, ఇందులో ఎర్రగా ఉన్నది ఏంటి అని అడిగింది. మిరప్పొడి అన్నాం. తల అడ్డంగా ఊపి జాడీ తన గుడారంలో దాచేసింది. ఆవిడ చెప్పిందీ నిజమేగా, 1410లో గుంటూర్లో కూడా మిరపకాయ లేదు, మన తాతలు మిరియాలతోనే సరిపెట్టుకున్నారు. అప్పుడు అప్పటిదాకా మొహం ముడుచుకుని కూర్చున్న మా ఆవిడ లేచి కొంగు బిగించింది. కొంగంటే కొంగు కాదు, అద్దెకి తెచ్చుకున్న నార గౌను. ఎర్ర కందిపప్పు లాంటి మసూర్ పప్పు వాళ్ల దగ్గరే ఉంది, వెన్న కాచి నెయ్యి చేసి వెల్లుల్లి, జీలకర్ర, దంచిన మిరియాలు వేసి తాలింపు పెట్టేసరికి పక్క గుడారాల వాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. అందులో ఇద్దరు రేపు మేం కొట్టాల్సిన ట్యుటానిక్ వాళ్లు, తెల్లంగీ మీద నల్ల శిలువ. అందరూ ఒకే చాప మీద కూర్చుని తింటుంటే నాకు మా తిరునాళ్లలో మందపోరు రోజు పెట్టే చాపకూడు గుర్తొచ్చింది. వాళ్లు మాకు బార్లీ గంజి, సగం ఊరిన దోసకాయలు పెట్టారు, ఆ దోసకాయలు ఉప్పగా కరకరలాడుతూ ఎంత బావున్నాయంటే చింటు పదకొండు తిన్నాడు, రాత్రంతా దాని ఫలితం. రాత్రి పదింటికి రూమ్‌కి బయల్దేరుతుంటే ఆ పెద్దావిడ గుడారంలో దీపం వెలుగులో రొట్టెకి ఆవకాయ రాసుకుని తింటోంది. మమ్మల్ని చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది.

శనివారం. కవచం ఎవడికి వాడు వేసుకోలేడు, చేతుల పలకలూ అవీ అన్నీ తాళ్లతో చొక్కాకి కట్టాలి, వెనక ముడులు చింటు వేశాడు, వాడికి షూ లేసు కట్టడమే సరిగ్గా రాదు. టోపీ దించితే ప్రపంచం రెండు గీతల్లోంచి కనిపిస్తుంది, మన ఊపిరి మన చెవులకే బుస్సుబుస్సుమని వినిపిస్తుంది, బయట ఎవడేం అరుస్తున్నాడో తెలీదు. ఎండ ఒకటి, గాంబెసన్ లోపల రోహిణి కార్తె. మైదానంలో రెండు వైపులా కలిపి వెయ్యికి పైగా మనుషులం, గుర్రాలు, ఫిరంగి పొగ. ముందు ట్యుటానిక్ దూతలు రెండు కత్తులు తెచ్చి రాజు ముందు గుచ్చుతారు, మీకు ఆయుధాలు లేకపోతే ఇవి వాడుకోండి అని వెటకారం, అది నిజంగా జరిగిందే. తర్వాత మా వైపు వాళ్లంతా బొగురొజిత్సా పాట ఎత్తుకున్నారు, మేరీ మాత మీద చాలా పాత పాట. నాకు సగం మాటలే వచ్చు, అయినా టోపీలో నా గొంతు నాకే మోగుతుంటే కాళ్లు వణికాయి.

మేం లిథువేనియా జట్టు. చరిత్రలో లిథువేనియా వాళ్లు మొదట దాడి చేసి, తర్వాత వెనక్కి పారిపోయారు, అది ఓడిపోయి పరుగా ఎత్తుగడా అని ఇప్పటికీ చరిత్రకారులు కొట్టుకుంటూనే ఉన్నారు. నాకైతే ఏ సందేహం లేదు, అది పరుగే. 26 కిలోలు మోసుకుంటూ, జారే బూట్లతో, జులై ఎండలో, రెండొందల మీటర్లు. పద్నాలుగు నెలలు కత్తి నేర్చుకుని యుద్ధంలోకి దిగితే మొదటి పని పారిపోవడం. అవతల ఒడ్డున ఆయాసపడుతూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడితే కెప్టెన్ గడ్డిపుల్లలాంటి గొట్టంతో ముసుగులోంచే నీళ్లు తాగించాడు. మళ్లీ తిరిగెళ్లి ఒకణ్ణి కొట్టా, వాడు నన్ను రెండు కొట్టాడు, ఎడమ భుజం మీద పడింది చూడండి ఒకటి, ఇంకా వంకాయ రంగే. తర్వాత పడిపొమ్మని సైగ వచ్చింది, పడిపోయా. చచ్చి పడుకోవడం అంత హాయి ఇంకోటి లేదు, ముసుగు కొంచెం ఎత్తుకుంటే చల్లటి గాలి. పక్కన పడ్డవాణ్ణి చూస్తే నిన్న రెండోసారి పప్పు వేయించుకున్న శిలువాయన. ఇవాళ కూడా వండుతారా అని అడిగాడు. మొత్తం ముప్పావు గంట. బయట తాడు అవతల జనం వేలల్లో ఉన్నారు, మా ఆవిడ ఫోన్లో వీడియో తీసింది, తీరా చూస్తే అందులో ఉన్నది నేను కాదు.

చూడ్డానికి మాత్రమే వెళ్లేవాళ్లకి ఒక మాట, పొద్దున్నే వెళ్లండి, అయిపోగానే బయల్దేరకండి. ఆ సన్నటి రోడ్డు మీద మాకు పాతిక కిలోమీటర్లకి రెండున్నర గంటలు పట్టింది. దార్లో సంతలో అమ్మే సాసేజ్ 38, ఉత్త దండగ.

ఇక ఆ రూమ్. రాత్రి వచ్చేసరికి వేడినీళ్లు లేవు. నేను ఒంటి మీద చెమట ఆరి ఉప్పు పట్టేసి పడుకున్నా. ఆదివారం పొద్దున తాళం ఇద్దామంటే ఓనర్ బాత్‌టబ్ దగ్గరికి పిలిచి గోధుమరంగు మరక చూపించాడు. మీ ఇనుము తుప్పు ఇది, డిపాజిట్ ఇవ్వను అన్నాడు. నా గొలుసు చొక్కా ఇక్కడ కారు డిక్కీలోంచి దిగనే లేదు మహాప్రభో అంటే నాకు పోలిష్ సరిగ్గా రాదు, ఆయనకి ఇంగ్లీషు రాదు, ఫోన్లో అనువాదం ఏం చెప్పిందో ఏమో ఆయనకి ఇంకా కోపమొచ్చింది. అప్పుడు మా ఆవిడ, రెండు రోజుల్నుంచీ నేను ముందే చెప్పానా అన్నట్టు చూస్తున్న మనిషి, అసలు బాత్రూమ్ కావాలన్నదే తను, ఏం అనకుండా ఫోన్ తీసి శుక్రవారం మధ్యాహ్నం వాళ్లమ్మకి పంపిన ఫోటో తెరిచి ఆయన కళ్ల ముందు పెట్టింది. అదే టబ్, అదే మరక, పైన టైమ్. కింద మా అత్తగారి మెసేజ్, తెలుగులో, ఆ మరకేంటే ఛీ అని.

ఓనర్ ఫోటో మసకగా ఉందన్నాడు. చివరికి కెప్టెన్‌కి ఫోన్ చేశా. ఆయన ప్లంబర్, అయిదు నిమిషాలు ఓనర్‌తో మాట్లాడాడు, పైపుల గురించే మాట్లాడినట్టున్నాడు, పాత ఇనప పైపులో నీళ్లకి ఆ రంగు వస్తుందని. ఓనర్ 200 తీసి టేబుల్ మీద పెట్టి, క్లీనింగ్‌కి 100 అన్నాడు. ఇంకో గంట నిలబడి పోట్లాడే ఓపిక నాకు లేదు, భుజం సలుపుతోంది, చింటుకి కడుపు ఇంకా కుదురుకోలేదు.

ఇంటి దారికి ఎదురు దిక్కే అయినా వెళ్లి ఆ ట్యుటానిక్ వాళ్ల మాల్బోర్క్ కోట చూశాం, ఎర్ర ఇటుకల మహా కోట, యునెస్కో జాబితాలో ఉంది, అద్భుతం, చూడండి.

ఇంటికొచ్చాక మూడు రోజులుగా బాల్కనీలో కూర్చుని గొలుసు చొక్కాకి పట్టిన తుప్పు వదిలిస్తున్నా. నిన్న మా ఆవిడ వచ్చి, ఆ క్యాంపులో గుడారం అద్దెకిస్తారా, మనదే కుట్టించుకోవాలా, నార గుడ్డ మీటరు ఎంత అని అడిగింది. మరి బాత్రూమో అన్నా. ఆ పెద్దావిడ గుడారం వెనక తెర కట్టుకుని స్నానానికి ఏర్పాటు చేసుకుందట, నాకెందుకు చెప్పలేదని నా మీదే అరిచింది.