కర్నూలులో ల్యాబ్ యాసిడ్ లూజుగా కొంటున్నారా? ఆగండి

కర్నూలు చుట్టుపక్కల సైన్స్ టీచర్లందరం ల్యాబ్ సామాన్లకు వెళ్ళే ఆ షాపు గురించే రాస్తున్నా. పేరు రాయను, వెళ్ళేవాళ్ళకు అర్థమవుతుంది. ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకొని చదవండి.

పదో తరగతికి ఆమ్లాలు, క్షారాల పాఠం. నిన్న సాయంత్రం సజల హైడ్రోక్లోరికామ్లం అర లీటరు, జింకు ముక్కలు, రెండు లిట్మస్ పుస్తకాలు (ఆమ్లం తగిలితే రంగు మారే కాగితాలవి) అడిగాను. "పలచందే మేడమ్, పిల్లోళ్ళ కోసమే కలిపి పెట్టినాం" అని లోపలికెళ్ళి మంచినీళ్ళ సీసాలో పోసుకొచ్చాడు. లేబుల్ లేదు. బిల్లు అడిగితే చీటీ మీద 480 అని రాసిచ్చాడు. బస్సుకు టైమవుతోందని తీసుకొని వచ్చేశాను.

ఈరోజు మూడో పీరియడ్. మూత తీయగానే సీసా మూతి దగ్గర తెల్లటి పొగ, ముక్కు భగ్గున మండింది. సజల ఆమ్లం అలా పొగలు కక్కదు. అది నాకు తెలుసు. తెలిసి కూడా డ్రాపర్‌తో జింకు మీద పోశాను. మామూలుగా చిన్న చిన్న బుడగలొస్తాయి, మూతి దగ్గర అగ్గిపుల్ల పెడితే హైడ్రోజన్ టప్పుమంటుంది. ఇవాళ ఒక్కసారిగా నురగ పొంగి పరీక్షనాళిక అంచు దాటి, పట్టుకున్న అమ్మాయి మణికట్టు మీద పడింది. "మేడమ్, మండుతా ఉంది" అంది, అంతే. ఏడవలేదు కూడా. 20 నిమిషాలు కుళాయి కింద చేయి పెట్టించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కందింది, తగ్గిపోతుందన్నారు. అదే కంట్లో పడి ఉంటే? నాళికను స్టాండులో పెట్టాల్సింది, పిల్ల చేతికి ఇవ్వకుండా ఉండాల్సింది. అది నా తప్పే.

సాయంత్రం ఆ సీసా పట్టుకొని నేరుగా షాపుకు వెళ్ళాను. నేనక్కడ నిలబడి ఉండగానే ఎవరో బాత్‌రూం కడగడానికి యాసిడ్ అడిగారు. కుర్రాడు మూలనున్న నీలం క్యాను వంచి పోశాడు. లేత పసుపు రంగు. నా సీసా తీసి పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటే! పిల్లల కోసం కలిపి పెట్టింది ఆ షాపులో అసలు లేనే లేదు. ఆ క్యాను పైన అరలోనే లిట్మస్ పుస్తకాలు. నీలం కాగితాలు అంచుల్లో అప్పటికే ఎర్రబారి ఉన్నాయి. కింద నుంచి వచ్చే యాసిడ్ ఆవిరికి అవి అరలోనే రంగు మారిపోయాయి.

ఓనర్‌ని అడిగితే ఏమన్నాడో తెలుసా? "సైన్స్ టీచరమ్మవు, మూత తీస్తానే తెలీలేదా? ఇన్నేండ్లుగా అమ్ముతున్నా, ఏ స్కూలోళ్ళూ మీ మాదిరి వచ్చి అడగలేదు." పాపకు ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. ఆ మొదటి మాట నిజం కాబట్టే నాకు నోరు పెగల్లేదు, అక్కడే కళ్ళనీళ్ళు వచ్చేశాయి. కానీ నాకు తెలియాల్సింది వేరు, అతను అబద్ధం చెప్పి అమ్మడం వేరు. కొన్నవాళ్ళ పేరు, అడ్రసు రిజిస్టర్‌లో రాసుకోకుండా యాసిడ్ అమ్మకూడదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. నా పేరు కూడా అడగలేదు అతను.

దయచేసి సీల్ ఉన్న సీసానే తీసుకోండి, లేబుల్ మీద గాఢత రాసి ఉండాలి. పలుచన మీరే చేసుకోండి. నీళ్ళలోకి యాసిడ్ కొద్దికొద్దిగా పోయాలి, యాసిడ్‌లోకి నీళ్ళు పోయకూడదు. చిన్న తరగతులకైతే అసలు యాసిడే వద్దు. కడప బండ పొడి మీద నిమ్మకాయ పిండినా నురగ వస్తుంది, పసుపు రాసిన కాగితం మీద సున్నపు నీళ్ళు చుక్క వేస్తే ఎర్రబడుతుంది.

సోమవారం మళ్ళీ క్లాసు ఉంది, లిట్మస్ బదులు మందార పూల రసంతో చేయిస్తాను. పూలు మా ఇంటి నుంచి తెస్తానని ఆ అమ్మాయే ఇందాక ఫోన్ చేసి చెప్పింది.