చక్రాల నిప్పర్‌తో ఏడేళ్లు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో మా ఇంటి కిటికీలకి ఒక్క అద్దం మిగల్లేదు. గాజు పెంకులన్నీ గోనెసంచిలోకి ఎత్తాను కానీ పారేయడానికి మనసొప్పలేదు. అప్పటిదాకా టైల్స్ మేస్త్రీలు వాడే పటకారుతోనే మొజాయిక్, అంటే గాజు, టైలు ముక్కలు అతికించి చేసే బొమ్మలు, చేసేదాన్ని. దాంతో కిటికీ గాజు పట్టుకుంటే మనకి కావలసిన చోట తప్ప అన్ని చోట్లా విరుగుతుంది. విసుగొచ్చి ఆన్‌లైన్లో చక్రాల నిప్పర్ తెప్పించాను, ముక్కల్ని కొరికి తుంచే పటకారు అది. రెండు వేల చిల్లర అయింది. "పటకారుకి అంతేటే?" అని అత్తయ్య ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు.

చక్రాలంటే గిరగిరా తిరిగేవి కావు. టంగ్‌స్టన్ కార్బైడ్ బిళ్లలు రెండు, ఒకదానికొకటి తాకీ తాకనట్టు ఎదురెదురుగా స్క్రూలతో బిగించి ఉంటాయి. గాజు ముక్కని పూర్తిగా లోపలికి పెట్టకూడదు, అంచుని మాత్రం అందించి నొక్కాలి. చక్రాలు ఎటు చూస్తుంటే చీలిక అటే పోతుంది. ఈ సంగతి అర్థం కావడానికి నాకు అర సంచి గాజు ఖర్చయింది.

దీని అసలు పనితనం గుండ్రాల్లో తెలుస్తుంది. ఎదురింటి మావుసి (ఒడియాలో పిన్ని) తన తులసికోట మీద జగన్నాథుడి కళ్లు పెట్టమంది. ఆయన చకాడోళుడు, చక్రాల్లాంటి కళ్లవాడు. మధ్యలో నల్లగుడ్డు, చుట్టూ తెలుపు, ఆ చుట్టూ ఎరుపు. నల్ల టైలుని ముందు చదరంగా కోసి, నాలుగు మూలలూ తుంచి, ఎనిమిది పలకలయ్యాక ఉడత జామకాయ కొరికినట్టు చుట్టూ కొంచెం కొంచెం కొరుక్కుంటూ రావాలి. ఎరుపుకి గాజుల షాపులో విరిగినవి ఏరుకొచ్చాను. రెండు నాలుగు సైజు గాజు ముక్కలు ఎలాగూ వంపు తిరిగే ఉంటాయి కాబట్టి కన్ను కొలతే గాజుకి సరిపెట్టేశాను. మొదటి కన్ను చూసి మావుసి తల అడ్డంగా ఊపింది. "ఇది జగన్నాథుడిది కాదమ్మా, బలభద్రుడిది." నిజమే, కోడిగుడ్డులా వచ్చింది. బలభద్రుడి కళ్లు కోలగా ఉంటాయి. మూడోసారికి ఒప్పుకుంది. పాత పటకారుతో అయితే ముప్ఫయ్యోసారికీ ఒప్పుకునేది కాదు.

ఇంటి పేరు బోర్డులకీ ఇదే ఆధారం. మా ఊళ్లో బోర్డంటే ఒడియా, తెలుగు రెండూ ఉండాలి, రెండు లిపుల్లోనూ గీత కన్నా వంపే ఎక్కువ. తాటాకు మీద గంటంతో రాసిన అక్షరాలు కదా, అడ్డగీత గీస్తే ఆకు చిరిగిపోయేదట. ఆకు బతికింది, నా మణికట్టు చచ్చింది. రోజుకి గంటన్నర దాటితే బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చేస్తుంది. పిడులకి పాత సైకిల్ ట్యూబు చుట్టాక కాస్త నయం.

లోపాలు చెప్పాలంటే, ముందు స్ప్రింగ్. రెండో ఏడాదే ఎగిరి పెరట్లో ఎక్కడో పడింది, సైకిల్ షాపులో దొరికిన స్ప్రింగ్‌తో నెట్టుకొస్తున్నాను. వానాకాలం చెమ్మకి స్క్రూలు తుప్పు పడతాయి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేయాల్సిందే. బాగా గట్టిగా ఉండే విట్రిఫైడ్ ఫ్లోర్ టైల్స్ జోలికి పోవద్దు, చక్రం అంచు లేచిపోతుంది. కారు పక్క అద్దాల టఫెండ్ (వేడితో గట్టిపరిచిన) గాజు ముట్టుకుంటే పంచదార పలుకుల్లా రాలిపోతుంది, ఏ పనిముట్టూ దాన్ని కోయలేదు. నేనొకసారి ప్రయత్నించాను లెండి.

దీనివల్ల నాకు బాగా కలిసొచ్చింది మాత్రం చప్పుడు లేకపోవడం. సుత్తి పని పగలే చేసుకోవాలి. దీంతో అయితే కుక్కర్ మూడో కూత వచ్చేలోపు నాలుగు ముక్కలు, అందరూ పడుకున్నాక వసారాలో ఇంకో ఇరవై. ఈ ఏడేళ్ల బోర్డులన్నీ ఇలా చిల్లర సమయాల్లో చేసినవే. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. పనయ్యాక చపాతీ పిండి ముద్దతో నేలంతా అద్దుతాను. చీపురుకి అందని గాజు రజను దానికి అంటుకుంటుంది. ఒకసారి బద్ధకించాను, మర్నాడు మావారి అరికాల్లోంచి సూదితో తీయాల్సి వచ్చింది.

చక్రాలు మొద్దుబారితే మార్చక్కర్లేదు. స్క్రూ వదులు చేసి కొంచెం తిప్పి బిగిస్తే కొత్త అంచు వస్తుంది. గుర్తుకి నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకున్నాను. మొదటి జత అలా తిప్పుకుంటూ నాలుగేళ్లు వాడాను. రెండో జత తెప్పిస్తే నడుమ కన్నం పెద్దదొచ్చింది, ఆ అమ్మకందారు వెనక్కి తీసుకోలేదు. మళ్లీ కొనాల్సి వచ్చింది. ఇప్పుడున్న జతకి ఆ చుక్క బయల్దేరిన చోటికి చేరడానికి ఇంకా రెండు తిప్పులే ఉన్నాయి. అందుకే నిన్న పాత చక్రాన్ని స్కేలు మీద పెట్టి, కన్నం కొలిచి, ఫొటో తీసి మరీ ఆర్డర్ పెట్టాను.