రాక్ అండ్ రోల్ పుట్టిల్లు వెతుక్కుంటూ: మెంఫిస్ నుంచి న్యూ ఓర్లీన్స్ దాకా ఆరు రోజులు

అమెరికా దక్షిణ ప్రాంతంలో చేసిన ఈ ప్రయాణానికి ఒక్క పాటను పట్టుకొని బయలుదేరాను. "గుడ్ రాకింగ్ టునైట్" అనే ఆ పాటను నల్లజాతి గాయకుడు రాయ్ బ్రౌన్ 1947లో న్యూ ఓర్లీన్స్‌లో పాడాడు. ఆ ఏడాది చివర్లోనే వైనోనీ హారిస్ సిన్సినాటీలో చప్పట్ల దరువు దట్టించి మళ్లీ పాడాడు. 1954లో మెంఫిస్‌లో తెల్లజాతి గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ అదే పాట అందుకున్నాడు. ఏడేళ్లలో మూడు ఊళ్లు, మూడు గొంతులు. రాక్ అండ్ రోల్ అనే ఈ హుషారు సంగీతం మా ఊళ్లోనే పుట్టిందని మెంఫిస్ అంటుంది, న్యూ ఓర్లీన్స్ కాదంటుంది, ఎక్కడో ఉత్తరాన ఉన్న క్లీవ్‌లాండ్ కూడా అంటుంది. ఎవరి మాట ఎంత నిజమో ఆ ఊళ్లలోనే నిలబడి తేల్చుకోవాలనిపించింది. తమ్ముడి ఇల్లు మెంఫిస్‌లోనే కాబట్టి అక్టోబర్ చివరి వారంలో అక్కడి నుంచే మొదలుపెట్టాం.

ఎల్విస్ పాడిన సన్ రికార్డింగ్ స్టూడియో మెంఫిస్‌లో యూనియన్ అవెన్యూలో 706 నంబరు భవనం. మన ఊళ్లలో పాత ప్రింటింగ్ ప్రెస్ ఎంత ఉంటుందో అంతే. పక్క కాఫీ దుకాణంలో టికెట్టు కొని లోపలికి వెళ్లాలి. చూపించేది ముప్పావు గంటే అయినా పెట్టిన డబ్బుకు పూర్తి ఫలితం దక్కింది. మా గైడు పాతికేళ్లు నిండని అమ్మాయి. మాటలు తగ్గించి పాటలు ఎక్కువ వినిపించింది. 1951 మార్చిలో ఐక్ టర్నర్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రవాడు తన బృందంతో మిసిసిపీ రాష్ట్రం నుంచి కారులో ఇక్కడికి వచ్చాడు. దారిలో గిటార్ యాంప్లిఫయర్ దెబ్బతింది. కారు మీద నుంచి పడిందని కొందరు, వానకు తడిసిందని కొందరు అంటారు. పాడైన స్పీకర్‌లో కాగితాలు కుక్కి వాయించారు. బరబరమని వచ్చిన ఆ ధ్వనిని స్టూడియో యజమాని సామ్ ఫిలిప్స్ దిద్దకుండా అలాగే రికార్డు చేశాడు. అదే "రాకెట్ 88". మొదటి రాక్ అండ్ రోల్ రికార్డు ఇదేనని వాదించేవారు చాలామంది. దాన్ని విడుదల చేసింది మాత్రం చికాగోలోని చెస్ కంపెనీ. రికార్డు మీద అచ్చయిన పేర్లు పాడిన జాకీ బ్రెన్‌స్టన్‌ది, డెల్టా క్యాట్స్ అనే లేని బృందానిది. బృందాన్ని నడిపిన టర్నర్ పేరు వెనకబడిపోయింది.

నేల మీద ఎల్విస్ నిలబడిన చోటని గుర్తు వేశారు. వచ్చినవాళ్లందరూ అక్కడే ఫోటోలు దిగుతారు. 1954 జులై 5న ఆయన అక్కడ పాడిన "దట్స్ ఆల్ రైట్" కూడా ఆర్థర్ క్రూడప్ అనే నల్లజాతి గాయకుడు అంతకు ముందే పాడిన పాట. ఆ ఫోటో నేనూ దిగాను. దిగాక ఆ గదిలో మొదలైంది ఒక రికార్డింగ్ పద్ధతేమో గాని సంగీతం కాదని నా మనసుకు గట్టిగా అనిపించింది.

అక్కడి నుంచి దక్షిణానికి 61వ నంబరు రహదారి మీద 120 కిలోమీటర్లు వెళితే మిసిసిపీ డెల్టా అనే ప్రాంతంలో క్లార్క్స్‌డేల్ ఊరు. డెల్టా అంటే మనకు కృష్ణా, గోదావరులు సముద్రంలో కలిసే చోటు గుర్తుకొస్తుంది. ఇది సముద్రానికి చాలా దూరం. మిసిసిపీ, యాజూ నదుల మధ్య వరద మట్టితో ఏర్పడిన చదును నేల. పత్తి తీత దాదాపు అయిపోయింది. పొలం గట్ల మీద పసుపు, గులాబీ రంగు ప్లాస్టిక్ చుట్టిన గుండ్రటి పత్తి మోపులు. గుంటూరు పక్క పెరిగిన నాకు ఆ నేలను చూసి పరాయి దేశమనిపించలేదు.

"ఇక్కడ రెండు రాత్రులా! చూడడానికి ఏముందక్కా?" అన్నాడు తమ్ముడు. సగం దుకాణాలు మూతపడిన ఊరు మరి. కాని ఈ యాత్రలో ఒక్క చోటే ఉండాల్సి వస్తే నేను ఎంచుకునేది క్లార్క్స్‌డేల్‌నే. బ్లూస్ అంటే ఇక్కడి నల్లజాతి కూలీల కష్టాల్లోంచి వచ్చిన పాట. పాత రైల్వే సరుకుల గిడ్డంగిలో ఉన్న డెల్టా బ్లూస్ మ్యూజియంలో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ నివసించిన చెక్క ఇల్లు నిలబెట్టారు. 1941లో జానపద పాటలు సేకరించే ఆలన్ లోమాక్స్ వచ్చి ఆయన పాటలు రికార్డు చేసుకున్నది ఆ ఇంట్లో ఉన్నప్పుడే. రెండేళ్లకు మడ్డీ వాటర్స్ చికాగో వెళ్లిపోయి, అక్కడ ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. ఊరి చివర హాప్సన్ వ్యవసాయ క్షేత్రంలో 1944లో నాటడం నుంచి తీత దాకా పత్తి పంటను పూర్తిగా యంత్రాలతో పండించారు. యంత్రం వచ్చాక చేతులకు పని లేకపోయింది. లక్షల మంది నల్లజాతి కూలీలు రైలెక్కారు, పాట కూడా వాళ్లతోనే ఉత్తరానికి వెళ్లింది.

సన్‌ఫ్లవర్ నది ఒడ్డున రివర్‌సైడ్ హోటల్ ముందు, బ్లూస్ చరిత్రలోని చోట్లకు పెట్టే బ్లూస్ ట్రయల్ ఫలకం ఉంది. నల్లవారిని మామూలు హోటళ్లలోకి రానివ్వని రోజుల్లో 1944 నుంచి గాయకులకు ఆశ్రయమిచ్చిన ఇల్లు అది. అంతకు ముందు ఆసుపత్రి. 1937లో 61వ రహదారి మీద కారు ప్రమాదంలో గాయపడిన బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ ప్రాణం పోయింది ఇక్కడే. ఐక్ టర్నర్ కొంతకాలం ఉన్నదీ ఇక్కడే. బయటి నుంచే చూశాం. అయినా చాలాసేపు కదల్లేకపోయాను.

ఇక బస. పంటలో వాటా మీద బతికిన కూలీల గుడిసెలను ఇక్కడ విడిది గదులుగా మార్చి అద్దెకిస్తారు. తమ్ముడికి సరదాగా అనిపించింది, నా మనసు ఒప్పలేదు. ఆ గుడిసెల్లో అప్పుల్లో పుట్టి అప్పుల్లోనే పోయిన వాళ్లున్నారు. ఊరి మధ్యలో పాత దుకాణం మీది అంతస్తులో రెండు గదులు తీసుకున్నాం. మొదటి రాత్రి వేడినీళ్లు రాలేదు. ఇంటావిడ పొద్దున్నే మనిషిని తీసుకొచ్చి బాగుచేయించారు. శాకాహారులకు తిండి కష్టమే. ఆకుకూరలో కూడా పంది మాంసం వేసి ఉడికిస్తారు. ఏది అడిగినా ముందు ఆ మాట అడగండి. మాకు మరదలు కట్టిచ్చిన పులిహోర రెండు పూటలు ఆదుకుంది.

క్లీవ్‌లాండ్ సంగతి ఇక్కడే చెప్పాలి. అది నిరుడే చూశాను. ఈరీ సరస్సు ఒడ్డున ఐ.ఎమ్. పేయ్ అనే వాస్తుశిల్పి గీసిన అద్దాల గోపురంలో 1995 నుంచి, గొప్ప కళాకారులను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ సంస్థ వారి రాక్ అండ్ రోల్ మ్యూజియం ఉంది. ఒక రోజంతా కావాలి. ఆ ఊరి రేడియోలో పాటలు వినిపించే ఆలన్ ఫ్రీడ్ వీటికి రాక్ అండ్ రోల్ అన్న పేరు ప్రచారం చేశాడు. 1952 మార్చి 21న ఆయన పెట్టిన కచేరీకి పట్టలేనంత జనం తోసుకువచ్చి మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. కాని పురుడు పోసిన ఇల్లు వేరు, బారసాల చేసిన ఇల్లు వేరు. 1949 దాకా పత్రికల పట్టికల్లో దీని పేరు "రేస్" పాటలు, తర్వాత రిథమ్ అండ్ బ్లూస్. తెల్లపిల్లలు వినడం మొదలుపెట్టాక మూడో పేరు. మెంఫిస్‌కు దగ్గర్లోనే, ఆర్కాన్సాలోని కాటన్ ప్లాంట్ అనే పల్లెలో పుట్టి, చర్చి పాటలకు ఎలక్ట్రిక్ గిటార్ జోడించిన సిస్టర్ రోసెట్టా థార్ప్‌కు ఈ సంస్థ గౌరవం దక్కింది 2018లో, ఆమె చనిపోయిన నలభై అయిదేళ్లకు. అక్కడున్న అద్భుతమైన వస్తువులన్నింటి కన్నా ఆ ఆలస్యమే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.

క్లార్క్స్‌డేల్ నుంచి న్యూ ఓర్లీన్స్ దాదాపు ఆరు గంటల కారు ప్రయాణం. మధ్యలో ఆగనవసరం లేదు. గది అద్దె తక్కువని పాత పట్టణంలో ఒక హోటల్ తీసుకుంటే, కారు నిలిపినందుకు ప్రతి రాత్రికీ విడిగా వసూలు చేశారు. ముందే అడగకపోతే ఇది తప్పదు. నడిచి తిరగగలిగే ఊరే కాబట్టి కారు లేకుండా వెళ్లడమే మేలు. ఇక్కడి కాఫీలో చికోరీ కలుపుతారు, మొదటి గుక్కకే ఇంటి ఫిల్టర్ కాఫీ గుర్తొచ్చింది.

రాంపార్ట్, డుమేన్ వీధుల మూలన నేను వెతుకుతున్న చోటు ఉంది. ఇప్పుడది డబ్బులు వేసి బట్టలు ఉతుక్కునే దుకాణం. గుమ్మంలో "జె అండ్ ఎమ్" అన్న పాత అక్షరాలు అలాగే ఉన్నాయి. కోసిమో మటాసా అనే ఆయన నడిపిన రికార్డింగ్ స్టూడియో ఉండేది ఇక్కడే. రాయ్ బ్రౌన్ 1947లో నా పాట పాడింది ఇక్కడ. 1949 డిసెంబర్ 10న ఫ్యాట్స్ డోమినో "ది ఫ్యాట్ మ్యాన్" పాడాడు, 1955లో లిటిల్ రిచర్డ్ "టుటీ ఫ్రూటీ" పాడాడు. రాక్ అండ్ రోల్ అని మీరంటున్నది న్యూ ఓర్లీన్స్‌లో మేము ఎన్నో ఏళ్లుగా వాయిస్తున్నదేనని డోమినో చెప్పేవాడు. టికెట్టు లేదు, గైడు లేడు. గోడల మీద కొన్ని ఫోటోలు, వాటి ఎదుట తిరుగుతున్న యంత్రాలు. ఒక పెద్దావిడ దుప్పట్లు మడతపెడుతూ, ఫోటో సరిగ్గా పడాలని తన బుట్ట పక్కకు జరిపి నాకు చోటిచ్చింది.

వీధి దాటితే ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కు, అందులో కాంగో స్క్వేర్. ఆదివారాల్లో బానిసలు పోగై ఆఫ్రికా డప్పులు వాయించుకున్న మైదానం. చెట్టు కింద కూర్చొని ఫోన్‌లో మూడు గొంతుల్లోనూ ఆ పాట వరుసగా విన్నాను. మళ్లీ వస్తే ఇక్కడి నుంచి మొదలుపెట్టి పైకి వెళదామన్నాను. తమ్ముడు అప్పటికే రెండోసారి రాయ్ బ్రౌన్ పెట్టుకొని వింటున్నాడు.